పాటల ఫైళ్ళలో ఉన్న ఇంగ్లీషు ట్యాగులను చెరిపి తెలుగులో తిరగరాయవచ్చునా?

వైనతేయ తీరం (రాజోలు):

మా నాన్నగారు రేడియో కచేరీలనూ, పొద్దున్నే వచ్చే భక్తిరంజనినీ ఏళ్ళ తరబడి క్యాసెట్లలోకి ఎక్కించి, ప్రతి క్యాసెట్‌కూ తన చేతిరాతతో చీటీ పెట్టుకున్నారు. 1996 నవంబరు 6 తుపానుకు పెంకులు లేచిపోయి బీరువాలోకి నీళ్ళు దిగినప్పుడు ఆ చీటీలలో సగం అట్టకట్టుకుపోయాయి. టేపులను మాత్రం నీడన ఆరబెట్టి దక్కించుకున్నాము. తరువాత 2009లో మా అబ్బాయి వాటన్నిటినీ ఎంపీ3లుగా మార్చి, వాటి ట్యాగులలో, అంటే పాట పేరు, గాయకుడు వంటివి రాసుకోవడానికి ఫైలు లోపలే ఉండే గళ్ళలో, తనకు తోచినట్టుగా ఇంగ్లీషు అక్షరాలలో పేర్లు పెట్టాడు. ఇప్పుడు నా దగ్గర సుమారు 1,400 ఫైళ్ళు ఉన్నాయి.

ఇక నా బాధ. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టిన శంకరగుప్తం మా ఊరికి దగ్గరే. అంత దగ్గరి మనిషి నా ఫోనులో నలుగురై కూర్చున్నారు. ఇంటిపేరు పొడి అక్షరంతో ఒకరు, ముందు డాక్టరు చేర్చి ఒకరు, బాలమురళి విడిగా కృష్ణ విడిగా రాసి ఒకరు, దీర్ఘానికి ఈ అక్షరం రెండుసార్లు వేసి మరొకరు. పాటల పేర్ల సంగతి ఇంకా అన్యాయం. ఇంగ్లీషు అక్షరాలలో కల, కళ, కాల, కాళ అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఆ పాట నోటికి వచ్చినవాడికి తప్ప ఏది ఏదో తెలియదు.

అందువల్ల ఈ వేసవిలో పాత ట్యాగులన్నిటినీ తుడిచివేసి, పేరు, గాయకుడు, రచయిత అన్నీ తెలుగు లిపిలో తిరగరాద్దామని నిశ్చయించుకున్నాను. తెలుగు పాటకు తెలుగులో పేరు ఉండాలనడంలో వాదించడానికి ఏముందని నేను అనుకుంటుండగా, మా అబ్బాయి మాత్రం వద్దంటున్నాడు. ఈ పని చేసినవారు, చేసి చేతులు కాల్చుకున్నవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

గోస్తని గట్టు (తణుకు):

మాస్టారూ, మీ అబ్బాయి మాట వినండి. నాకు ఇరవై రెండేళ్ళుగా మైక్ సెట్ల వ్యాపారం ఉంది. పెళ్ళిళ్ళు, తీర్థాలు, పొలం గట్టు మీద అన్న సంతర్పణలు, అన్నిచోట్లా పాట పెట్టేది మేమే. తెలుగు లిపి మీద నాకు మీకంటే తక్కువ అభిమానమేమీ లేదు గానీ, ట్యాగు అనేది చదువుకుని ఆనందించడానికి కాక, పాటను వెతికి పట్టుకోవడానికి ఉన్నదని మనవి చేస్తున్నాను.

పోయిన మాఘంలో ఒక పెళ్ళికి, పెళ్ళివారే పాటలన్నీ పెన్‌డ్రైవులో ఇచ్చారు. ఇచ్చినవారు మీలాగే శ్రద్ధగా తెలుగులో పేర్లు పెట్టారు. నా మిక్సరులోని యూఎస్‌బీ ప్లేయరు చిన్న తెర మీద పేరుకు బదులు ఖాళీ డబ్బాలు వరుసగా కనిపించాయి, ఒక్కొక్క పాటకు ఎనిమిదేసి, పదేసి డబ్బాలు. తలంబ్రాల వేళకు పాట పెట్టమన్నారు. ఒకటి నొక్కితే అప్పగింతల పాట మొదలైంది, ఆపి ఇంకొకటి నొక్కితే మళ్ళీ ఏడుపు పాటే వచ్చింది. పెళ్ళికూతురి మేనమామ నా భుజం పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

లాప్‌టాప్‌లో అయితే తెలుగు కనిపిస్తుందని మీరనవచ్చు. కనిపిస్తుంది, కానీ వెతకాలంటే టైపు చేయాలి కదా. మా కుర్రవాళ్ళు తెలుగు గడగడా చదువుతారు, టైపు చేయమంటే మాత్రం ఒత్తు దగ్గర ఆగిపోతారు. ఇంగ్లీషులో మూడు అక్షరాలు కొడితే పాట దొరుకుతుంది. దొరుకుతున్నదాన్ని చెరపడం ఎందుకు?

గౌతమి పాయ (కాకినాడ):

మీ ఇద్దరూ లిపి మీద పెడుతున్న నేరంలో చాలా భాగం నిజానికి ట్యాగు రాసిన పద్ధతిది. గోస్తనిగారు చూసినవి డబ్బాలా, ప్రశ్నార్థకాలా అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే రెండూ వేర్వేరు జబ్బులు. డబ్బాలు కనిపించాయంటే అక్షరాలు ఫైలులో క్షేమంగానే ఉన్నాయి, ఆ యంత్రంలో తెలుగు ఫాంటు లేదు, అంతే. ప్రశ్నార్థకాలు కనిపించాయంటే మాత్రం, చాలావరకు రాసేటప్పుడే తెలుగు ఇమడని సంకేత పద్ధతిలోకి మార్చి ఉంటారు, అలాగైతే ఆ అక్షరాలు పోయినట్టే, తిరిగి రావు. మూడో రకం కూడా ఉంది: నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే జంట. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో రాసినదాన్ని యంత్రం పాత లాటిన్ పట్టికతో చదివితే తెలుగు ఇలాగే కనిపిస్తుంది. చూడడానికి ఇది అన్నిటికంటే వికారంగా ఉన్నా, బాగుచేయడం సులువు.

ఎంపీ3లో ట్యాగు పెట్టే ఐడీ3 అనే పద్ధతి 1996లో మొదలైనప్పుడు, ఫైలు చివర మొత్తం 128 బైట్లు కేటాయించారు. అందులో పేరుకు 30, కళాకారుడికి 30, ఆల్బముకు 30. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి, గుణింతపు గుర్తులూ, పొల్లూ, సున్నా కూడా లెక్కలోకే వస్తాయి. ‘మంగళంపల్లి’ అన్న మాటలో సరిగ్గా పది సంకేతాలు ఉన్నాయి, కనుక 30 బైట్లూ ఇంటిపేరుకే సరిపోయి, పాడిన మనిషికి చోటు మిగలదు! ఫైలు మొదట్లో పెట్టే ఐడీ3 రెండో తరం ట్యాగులు వచ్చాక ఈ ఇరుకు పోయింది. వాటిలో 2.3 అనే రూపం యూటీఎఫ్-16 అనే మరో యూనికోడ్ పద్ధతిని ఒప్పుకుంటుంది, 2000లో వచ్చిన 2.4 రూపం యూటీఎఫ్-8ను కూడా ఒప్పుకుంటుంది. అయితే పాత ప్లేయర్లలో 2.4 చదవలేనివి చాలా ఉన్నాయి. కాబట్టి మాస్టారు ఎంపీ3ట్యాగ్ వంటి సాధనం వాడితే, దాని ఆప్షన్లలో 2.3, యూటీఎఫ్-16 అన్నది ఎంచుకుని మొదలుపెట్టాలి.

ట్యాగు మారిస్తే పాట నాణ్యత తగ్గుతుందేమోనని కొందరు భయపడతారు. తగ్గదు, ధ్వని ఉన్న భాగాన్ని ఈ సాధనాలు ముట్టుకోవు. కానీ ట్యాగు పెరిగి, ముందుగా వదిలిన ఖాళీలో పట్టకపోతే, ఫైలు మొత్తాన్ని జరిపి తిరిగి రాయవలసి వస్తుంది. 1,400 ఫైళ్ళు ఒకేసారి ఎంచుకుని సేవ్ నొక్కిన క్షణాన కరెంటు పోతే ఏమవుతుందో కోనసీమలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. నకలు తీసి, యాభయ్యేసి చొప్పున చేయండి.

వశిష్ఠ (నరసాపురం):

లిపి గురించి గౌతమిగారు చెప్పినది నాకు సమ్మతమే. నాకు భయం కలిగిస్తున్నది మాస్టారి మాటల్లోని ‘తుడిచివేసి’ అన్న భాగం. ఒక అనుభవం చెబుతాను.

మా పెదనాన్నగారి టేపుల్లో పేరు లేని వీణ కచేరీ ఒకటి ఉంది. ట్యాగులో మా అన్నయ్య ఇంగ్లీషులో ‘వీణ, రేడియో, కాకినాడ అని చీటీ’ అని మాత్రం రాసి వదిలేశాడు. నాకు అది అసంపూర్ణంగా తోచింది. విని, ఆ గమకాలు ఈమని శంకరశాస్త్రిగారివేనని నిర్ణయించుకుని, పాత రాత తీసివేసి, ఆయన పేరు చక్కగా తెలుగులో పెట్టాను. ఆయన ద్రాక్షారామంలో పుట్టినవారు, మనవారు అన్న అభిమానం కూడా నా చెవిని కొంత నడిపించి ఉంటుంది. ఆ ఫైలు నలుగురికి ఇచ్చాను, వారు ఇంకెందరికి ఇచ్చారో తెలియదు. రెండేళ్ళ తరువాత టేపు రెండో వైపు చివర, కచేరీ అయిపోయి గరగర మొదలైన తరువాత, అనౌన్సరు గొంతు అరక్షణం వినిపించింది. ఆమె చెప్పిన పేరు చిట్టిబాబుగారిది. ఆయన కాకినాడలో పుట్టినవారు, శంకరశాస్త్రిగారి శిష్యులు. శిష్యుడి చేతిలో గురువును విన్నానని నన్ను నేను ఓదార్చుకోవచ్చు గానీ, మా అన్నయ్య రాసిన ‘కాకినాడ’ అన్న ఆనవాలును నేనే చెరిపివేశానన్నది మారదు. అది ఉండి ఉంటే ఎవరో ఒకరు ముందే అనుమానించి ఉండేవారు.

మాస్టారూ, మీ అబ్బాయి 2009లో రాసినప్పుడు, తాతగారి చీటీలలో ఈనాటికంటే ఎక్కువ అక్షరాలు కనిపించి ఉండవచ్చు. ఆ అడ్డదిడ్డపు ఇంగ్లీషు స్పెల్లింగులు ఇప్పుడు మీకు మిగిలిన ఒకే సాక్ష్యం కావచ్చు. కొత్త పేరు ఏ గడిలోనైనా పెట్టుకోండి, పాతదాన్ని ఉన్నది ఉన్నట్టుగా వ్యాఖ్య గడిలోకి మార్చి, పక్కన ‘2009 ట్యాగు’ అని రాయండి. మీరు ఊహించినదానికి ‘చెవి ఆనవాలు’ అని, చీటీ చూసి రాసినదానికి ‘చీటీ’ అని, అనౌన్సరు చెబితే ‘రేడియో ప్రకటన’ అని చేర్చండి.

సంవత్సరపు గడి కూడా ఇలాంటిదే. మీ ఫైళ్ళన్నిటిలోనూ బహుశా 2009 అనే ఉండి ఉంటుంది. అది క్యాసెట్‌ను కంప్యూటరులోకి ఎక్కించిన ఏడాదే కదా, పాడిన ఏడాది తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉండడమే మేలు.

గోస్తని గట్టు (తణుకు):

అమ్మా, మీరు చెప్పినది చరిత్ర రాసేవారికి. నాకు వ్యాఖ్య గడి తెర మీద కనిపించదు. నేను చూసినవి డబ్బాలే, ప్రశ్నార్థకాలు కావు, అక్షరాలు లోపల క్షేమంగా ఉన్నాయని గౌతమిగారు అంటే నమ్ముతాను. కానీ పెళ్ళికూతురి మేనమామకు ఆ మాట చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు.

గౌతమి పాయ (కాకినాడ):

మీ కోసమే ఫైలు పేరు ఉంది కదండీ. ట్యాగు వేరు, ఫైలు పేరు వేరు. మీ మిక్సరు లాంటి ప్లేయర్లలో చాలావాటిని ఫైలు పేరే చూపేలా మార్చుకోవచ్చు, లాప్‌టాప్‌లో ఫోల్డరు తెరిచి వెతికినా ముందు చూసేది ఫైలు పేరునే. మాస్టారు ట్యాగులు మార్చకముందే, ఇప్పుడున్న ఇంగ్లీషు ట్యాగు నుంచి ఫైలు పేర్లు తయారుచేయమని సాధనానికి చెబితే, కొన్ని నిమిషాలలో 1,400కూ అయిపోతుంది. క్రమంలో పేర్చడానికని విడిగా సార్ట్ గళ్ళు కూడా ఉన్నాయి గానీ, వాటిని లెక్కచేసే ప్లేయర్లు తక్కువ, వాటిని నమ్ముకోవద్దు.

అయితే తెలుగులో రాయగానే నలుగురు బాలమురళులూ ఒక్కరవుతారని మాస్టారు అనుకుంటున్నట్టున్నారు. ‘బాలమురళి’ అని ఒకచోట, ‘బాలమురళీ’ అని మరొకచోట రాస్తే మళ్ళీ ఇద్దరే. కంటికి కనిపించని తేడాలు కూడా ఉన్నాయి. ‘ఐ’ కారపు గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, దాని కింద ఐ కొమ్ము అని రెండుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే, చాలా ప్లేయర్లకు మాత్రం రెండు వేర్వేరు పేర్లు. ‘నేదునూరి’ వంటి పేరుకు ఈ బాధ లేదు గానీ, ‘భైరవి’ అని రెండు కీబోర్డుల మీద రాస్తే రెండు రాగాలు తయారయ్యే అవకాశం ఉంది. పేర్లు ఒక్కసారి ఒక పట్టికలో రాసుకుని, అక్కడి నుంచి కాపీ చేసి పెట్టండి, ప్రతిసారీ టైపు చేయకండి.

వైనతేయ తీరం (రాజోలు):

అందరికీ కృతజ్ఞతలు. తుడిచివేయడం మానుకున్నాను. వశిష్ఠ అమ్మ చెప్పిన వీణ సంగతి చదివిన రాత్రి మా అబ్బాయికి ఫోను చేసి, ఆ పేర్లు దేన్ని చూసి రాశావని అడిగాను. చాలావాటికి తాతగారి పక్కన కూర్చుని, ఆయన చెబుతుండగా రాశాడట. ఆ సంగతి నాకు ఇంతకాలం తెలియదు. నేను ఆ రోజుల్లో బడిలో ఉండేవాడిని.

తెలుగు విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. తెర మీద కనిపించే పేరు, గాయకుడు తెలుగులోనే ఉంటాయి. గోస్తనిగారి డబ్బాలు యంత్రం లోపం, నా ఫోనులో ఆ లోపం లేదు. యంత్రాలు మారతాయి, మా నాన్నగారి పాట పేరును యంత్రం కోసం మార్చను. గోస్తనిగారి కోసం ఫైలు పేర్లు ఇంగ్లీషులోనే వదులుతున్నాను, అంతకంటే రాజీపడలేను.

నిన్న 37వ క్యాసెట్ బి వైపు ఉన్న ఏడు పాటలతో మొదలుపెట్టాను. మూడింటికి చీటీ, రెండింటికి మా అబ్బాయి జ్ఞాపకం, ఒకదానికి నా చెవి. ఏడోదానికి పాత ట్యాగులో ‘నాన్న ఇష్టం’ అని ఇంగ్లీషులో ఉంది, పాడినవారి పేరు ఎక్కడా లేదు. ఆ గడి ఖాళీగా ఉంచాను, ఆ మాట మాత్రం వ్యాఖ్య గడిలోకి చేరింది.

గోస్తని గట్టు (తణుకు):

ఫైలు పేర్లు ఉంటే నాకు చాలు మాస్టారూ. ఆ ఏడో పాట ఇటు పంపండి, మా దగ్గరికి వచ్చే పెద్ద హార్మోనిస్టు ఒకాయన ఉన్నారు, ఆయనకు వినిపిస్తాను. ఆయన ఏ పేరు చెప్పినా, ‘హార్మోనిస్టు చెవి’ అనే రాయించుకోండి.