కండెన్సర్ ఈఎస్‌ఆర్: బోర్డు మీదే చూడాలా, కాలు లేపి చూడాలా?

కడప_బండ:
కడపలో సెట్‌టాప్ బాక్సులు, టీవీలు బాగుచేస్తాను. మొన్న ఒక బాక్సు వచ్చింది, పొద్దున ఆన్ చేస్తే లోగో దగ్గరే ఆగి మళ్లీ మొదటికి వస్తుంది, పది నిమిషాలయ్యాక మాత్రం ఏమీ లేనట్టు నడుస్తుంది. 12 వోల్టుల లైన్‌లో 1000 మైక్రోఫారడ్ (ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత) కండెన్సర్ ఉబ్బలేదు, పీకి మల్టీమీటర్‌తో చూస్తే 930 చూపించింది. బాగుందనుకుని మళ్లీ అతికించి ఐసీ మార్చాను, డబ్బు దండగ. చివరికి దాని లోపలి నిరోధం, అంటే ఈఎస్‌ఆర్, కొలిస్తే 1.8 ఓమ్‌లు. ఆ సైజుకు 0.1 లోపు ఉండాలి. అందుకే నా మాట, ముందు ఈఎస్‌ఆర్, తర్వాతే మైక్రోఫారడ్. అదీ బోర్డు మీదే. రోజుకు పది బోర్డులు చూసేవాడు ఒక్కోటీ పీకుతూ కూర్చుంటే తెల్లారుతుంది.

అనంత_సర్క్యూట్:
అన్నా, మొదటి మాట ఒప్పుకుంటా, రెండోది ఒప్పుకోను. పవర్ సప్లైలో ఒకే లైన్ మీద నాలుగు కండెన్సర్లు సమాంతరంగా ఉన్నాయనుకో. మూడింటిది తలా 0.06, నాలుగోది ఎండిపోయి 4 ఓమ్‌లు. బోర్డు మీద ఏ దాని మీద ప్రోబ్ పెట్టినా మీటర్ 0.02 అంటుంది, చెడ్డది మంచివాటి చాటున దాక్కుంటుంది. ఇంకోటి, పూర్తిగా షార్ట్ అయిన కండెన్సర్ కూడా సున్నా దగ్గరే చూపిస్తుంది, ఎంత మంచిదో అనిపిస్తుంది. టంకం కరిగించి ఒక కాలు బోర్డు నుంచి లేపడానికి అర నిమిషం, అంతే కదా.

కొండారెడ్డి_బురుజు:
కర్నూలు నుంచి. ఐదు రూపాయల వస్తువుకు ఇంత కొలత ఎందుకు? పాతబోర్డు వస్తే ఎలక్ట్రోలైటిక్‌లు, అంటే లోపల ద్రవం ఉండే ఈ రకం కండెన్సర్లు, అన్నీ మార్చేస్తా, పని అయిపోతుంది.

కడప_బండ:
సార్, ఆ కొత్తవి కొలిచారా ఎప్పుడైనా? మా దగ్గర ఒకే డబ్బాలోని కొత్త కండెన్సర్లలోనే ఒకటి 0.05, ఇంకొకటి 0.4 వచ్చాయి. స్విచింగ్ సప్లైలో రెండోది పెడితే రిపుల్ కరెంటుకు, అంటే వేగంగా వచ్చిపోయే కరెంటుకు, లోపల వేడెక్కి, ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద ఎన్నాళ్లు ఉంటుంది? ఈఎస్‌ఆర్ తక్కువ ఉండటమే ఎప్పుడూ మంచిదీ కాదు. వోల్టేజిని నిలకడగా ఉంచే ఎల్‌ఎమ్ 1117 రెగ్యులేటర్ అవుట్‌పుట్‌లో కండెన్సర్ ఈఎస్‌ఆర్ 0.3 నుంచి 22 ఓమ్‌ల మధ్య ఉండాలని దాని డేటాషీటే చెబుతుంది, అక్కడ మంచిదే కదా అని ఈఎస్‌ఆర్ బాగా తక్కువుండే సిరామిక్ కండెన్సర్ పెడితే వోల్టేజి ఊగుతుంది. చూడకుండా అన్నీ మార్చేయడం రిపేరీ కాదు.

అనంత తమ్ముడూ, సమాంతరం సంగతి నిజమే, అలాంటి చోట నేనూ లేపుతా. మిగతా చోట్ల ఎందుకు? మీటర్ పంపేది 100 కిలోహెర్ట్జ్ సిగ్నల్, వోల్టులో పదో వంతో కాస్త ఎక్కువో. డయోడ్, ట్రాన్సిస్టర్ తెరుచుకోవాలంటే 0.6 వోల్టు కావాలి, కాబట్టి పక్కనున్నా అవి కొలతలోకి రావు. షార్ట్ అయితే ముందు మామూలు ఓమ్స్‌లో పెడితేనే దొరుకుతుంది.

అనంత_సర్క్యూట్:
సరే, అయితే ఒక షరతు, చల్లగా ఉన్నప్పుడు కొలువు. నీ బాక్సు పది నిమిషాల తర్వాత ఎందుకు నడిచింది? లోపలి ద్రవం వేడెక్కి ఈఎస్‌ఆర్ తగ్గింది కాబట్టే. మే నెల మధ్యాహ్నం మన షాపుల్లో 42 డిగ్రీల్లో బోర్డు మీద కొలిస్తే అనుమానపుది కూడా కొంచెం మంచిగానే కనిపిస్తుంది. నేను పొద్దున్నే కొలుస్తా, బాగున్న అదే సైజు కండెన్సర్ ఒకటి పక్కన పెట్టుకుని పోల్చుకుంటా.

కొండారెడ్డి_బురుజు:
కొత్తవి కొలవాలన్నది తీసుకుంటా. నా డబ్బాలోవి రేపే చూస్తా. బోర్డు మీదే కొలిచేవాళ్లు ఒకటి మాత్రం మరవొద్దు, కరెంటు లోపలికి వచ్చే వైపున్న పెద్ద మెయిన్ ఫిల్టర్ కండెన్సర్‌లో ప్లగ్ తీసినా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్ పెట్టి ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే ప్రోబ్ పెట్టండి. మా కుర్రాడు అది చేయక మీటర్ కాల్చాడు, చెయ్యి కాలనందుకు దేవుడికి దండం పెట్టుకున్నా.