ఎర్రమట్టి దిబ్బల ఇసుకలో అయస్కాంతానికి లేచే నల్ల రేణువులు ఏమిటి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ. తొమ్మిదో తరగతి చదివే మా పాప సైన్స్ ప్రాజెక్టుకి అంగారకుడి మట్టిని, భీమిలి దారిలోని మన ఎర్రమట్టి దిబ్బలను పోలుస్తోంది. అక్కడి మట్టి తవ్వి తేకూడదు కదా, అందుకే చెప్పులకు అంటుకొచ్చినదే దులిపి కాగితం మీద పోసింది. కింద అయస్కాంతం జరిపితే నల్ల రేణువులు మీసాల్లా నిలబడ్డాయి, ఎర్ర పొడి మాత్రం కదల్లేదు. 1976లో అంగారకుడిపై దిగిన నాసా వైకింగ్ వ్యోమనౌకల అయస్కాంతాలకు అంగారక ధూళి బాగానే అంటుకుంది. రెండు చోట్లా ఎరుపు ఐరన్ ఆక్సైడ్ వల్లే అయితే ఈ తేడా ఎందుకు? ఆ నల్లవి మాగ్నటైటా, ఇల్మనైటా (రెండూ ఇనుము ఉన్న నల్ల ఖనిజాలే)? ఇంట్లో తేల్చుకునే పద్ధతేమైనా ఉందా? జియాలజీ చదివినవాళ్లు దయచేసి చెప్పండి. సోమవారమే ఇవ్వాలి, పాప చాలా టెన్షన్ పడుతోంది. తెలియక తప్పు రాయించడం నాకిష్టం లేదు.