"రానిమ్ము, కానిమ్ము, పో": చివరి ఆ "పో" ఎవరికి?

ఇసుకతిన్నె: పెద్దలకు నమస్కారం. ఊళ్లో ఇల్లు అమ్మేశాం, నెలాఖరుకు ఖాళీ చేయాలి. అటక మీది ఇత్తడి గుండిగలు, నాన్నగారి ట్రంకుపెట్టె ఎవరికైనా ఇచ్చేద్దామంటే చెయ్యి రావడం లేదు. రెండు రోజులుగా మా నాయనమ్మ మాట చెవిలో తిరుగుతోంది. ఏది పోయినా, చేను అమ్మిన రోజున కూడా, "రానిమ్ము, పోనిమ్ము, పో" అని కొంగు దులుపుకొని లేచేది. పోతన భాగవతంలోని వామనచరిత్రలో, దానం వద్దన్న గురువు శుక్రాచార్యుడికి బలిచక్రవర్తి చెప్పిన పద్యంలో చూస్తే "కానిమ్ము" అని ఉంది. ఆమె తప్పుగా చదివిందా?

యతిస్థానం: "ర్మరణంబైన, కులాంతమైన, నిజమున్ రానిమ్ము, కానిమ్ము, పో". దుర్మరణమైనా, వంశనాశనమైనా రానీ, కానీ అని. పాఠం "కానిమ్ము" అనే. అయితే మత్తేభ ఛందస్సు మీ నాయనమ్మగారిని పట్టుకోలేదు. రెండు మాటలకూ గురులఘువులు ఒకటే, యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన మైత్రి) "రా" దగ్గరే తీరిపోయింది. కానీ ముందే "పోనిమ్ము" అనేస్తే చివరి "పో"కు పని ఉండదు.

పాతబడి: ఆ "పో"కు ఎలాగూ వేరే పని లేదండీ. అది నిశ్చయార్థకం, అంటే మాటను గట్టిపరిచేది. "మనుజుడె పో నీతిపరుడు" అని సుమతీ శతకంలో చిన్నప్పుడే చదివాం కదా! అక్కడ ఎవరినీ పొమ్మనడం లేదు.

యతిస్థానం: పోలిక కుదరదు. అక్కడ "మనుజుడె" అనే నామం మీద వచ్చింది. ఇక్కడ "కానిమ్ము" అనే క్రియ మీద ఉంది. "ఊరుకో పో", "అలాగే కానీ పో" అని నేటికీ అంటాం. అందులో ఒక విదిలింపు ఉంది. బలి అప్పటికే చేతిలోంచి జార్చేశాడు, ఆ చప్పుడే "పో".

పాతబడి: ఎదుట ఉన్నది శుక్రాచార్యులు. తరువాతి పాదాల్లో "ధీవర్య" అని పిలుస్తున్న గురువును విదిలిస్తాడా?

మడికట్టు: విదిలించింది గురువును కాదు, రాజ్యాన్ని. దానికి ముందరి పద్యం చూడండి: "రాజ్యము గీజ్యమున్ సతతమే". మూడు లోకాలు ఏలినవాడి నోట "గీజ్యం"! పెళ్లీ గిళ్లీ, డబ్బూ గిబ్బూ అన్నట్టు. పోతన ఇలా ఇంటి వసారాలోని మాటను శార్దూల వృత్తంలో కూర్చోబెడతాడు, యతి మీద ఈగ వాలదు. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. "గీ" అన్న అక్షరం దగ్గరే దానం అయిపోయింది. నీళ్లు ధారపోయడం తరువాతి తంతు.

యతిస్థానం: "గీజ్యం" గురించి ఒప్పుకుంటాను. అయినా బలి అంతా వదిలేశాడనకండి. "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అన్నాడు. మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు కోసమే మిగతావన్నీ వదిలాడు.

పాతబడి: పట్టు అంటే "చేలాంచలమైన వీడడు" గుర్తొచ్చింది. గజేంద్రుడి కోసం పరుగెత్తే విష్ణువు సిరికి చెప్పడు, పరివారాన్ని పిలవడు, లక్ష్మి పైటకొంగు మాత్రం వదలడు. ఆ "ఐన" ఎంత బరువైన మాటో చూశారా?

మడికట్టు: అక్కడ "వీడడు" అంటే పట్టుదల కాదు, వదలాలన్న తలపు కూడా రానంత తొందర. బలి తెలిసి వదిలాడు, హరి తెలియక పట్టుకున్నాడు.

యతిస్థానం: తెలియక అనడానికి పద్యంలో ఆధారం ఏది?

ఇసుకతిన్నె: అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే అమ్మకు ఫోను చేశాను. నాయనమ్మ "పోనిమ్ము" అనే అనేదట, అనుమానమే లేదంది. చివరి "పో"ను మాత్రం సాగదీసి, గుమ్మం వైపు చూస్తూ అనేదట. గుండిగలు రెండు పక్కింటివాళ్లకు ఇచ్చాను. ట్రంకుపెట్టె ఇంకా వసారాలోనే ఉంది.

పాతబడి: సాగదీసేవారా? అయితే అది నిశ్చయార్థకమే. అది ఎప్పుడూ దీర్ఘమే కదా!

యతిస్థానం: "వెళ్లు" అన్న "పో" కూడా దీర్ఘమేనండీ.