140 కంప్యూటర్లకు పేర్లు పెట్టాలి: బ్రాంచి కోడా, సీరియల్ నంబరా, నదుల పేర్లా?

ఓరుగల్లు_నెట్

అందరికీ నమస్తే. ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సంస్థలో ఐటీ పని చూస్తాను. హనుమకొండలో మెయిన్ ల్యాబ్, నర్సంపేట, ఖమ్మం, కరీంనగర్‌లలో బ్రాంచీలు. 140 సిస్టమ్‌లు, 4 సర్వర్లు. ఇన్నాళ్లూ పేర్లకు ఒక పద్ధతంటూ లేదు. కొన్నింటికి విండోస్ తనే పెట్టుకున్న 'డెస్క్‌టాప్', దాని వెనక అర్థంలేని ఏడు అక్షరాలు. కొన్నింటికి ఎప్పుడో మానేసిన రిసెప్షనిస్టుల పేర్లు.

పోయిన వారం యాంటీవైరస్ కన్సోల్‌లో ఒక పేరు ఎర్రగా వెలిగింది: 'స్వాతి-పీసీ'. స్వాతి మానేసి మూడేళ్లయింది. మూడు బ్రాంచీలకూ ఫోన్లు చేసి, రోజున్నర వెతికితే ఖమ్మంలో శాంపిల్ కలెక్షన్ గదిలో ఫ్రిజ్ వెనకాల దొరికింది. రోజూ ఆన్‌లోనే ఉందట, ఎవరూ వాడట్లేదట.

వచ్చే నెల అన్నింటినీ కొత్త డొమైన్‌లోకి (అన్ని సిస్టమ్‌లనూ ఒకేచోట నుంచి నడిపే విండోస్ ఏర్పాటు) మారుస్తున్నాం. పేర్లు సరిచేస్తే ఇప్పుడే చెయ్యాలి. మా మేనేజర్ గారు 'జిల్లా-డిపార్ట్‌మెంట్-నంబరు' అంటున్నారు. నాకెందుకో మనసొప్పట్లేదు, కానీ కాదనడానికి గట్టి కారణం దొరకట్లేదు. మీ దగ్గర ఏం నడుస్తోంది?

కేబుల్‌గురు

మీ మేనేజర్ చెప్పిందే కరెక్టు. అలర్ట్ వచ్చిందంటే పేరు చూడగానే ఎటు పరిగెత్తాలో తెలియాలి. నీ స్వాతి కథే దానికి సాక్ష్యం. అది 'ఖమ్మం-కలెక్షన్-02' అయ్యుంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పేరు 15 అక్షరాలు దాటకూడదు. నెట్‌బయోస్ (విండోస్ నెట్‌వర్క్‌లో పాత పేర్ల పద్ధతి) పేరుకు 16 బైట్లు, ఆఖరిది సర్వీసు రకానికి పోతుంది. పేరు చెబితే మెషీన్ అడ్రసు చెప్పే డీఎన్ఎస్ 63 దాకా ఒప్పుకుంటుంది కదా అని మా జూనియర్ ఒకడు కరీంనగర్ అకౌంట్స్ సిస్టమ్‌లకు ఊరు, డిపార్ట్‌మెంట్ పూర్తిగా రాశాడు. ఇంగ్లిష్‌లో కరీంనగర్‌కే పది అక్షరాలు, ఒక గీత, అకౌంట్స్‌లో నాలుగు అక్షరాలు వచ్చేసరికి కోత పడింది. చివరనున్న 01, 02, 03 గాల్లో కలిసిపోయాయి. విండోస్ ముందే హెచ్చరించింది, మావాడు చదవకుండా ఓకే కొట్టేశాడు. ఇక చూడు, ఒకదాన్ని డొమైన్‌లో చేరిస్తే రెండోది బయటపడేది, దాన్ని చేరిస్తే మొదటిది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే ఆట.

పాత_ఫ్లాపీ

గురువు గారూ, పేరులో జిల్లా పెట్టి దెబ్బతిన్నవాణ్ణి నేను. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. సరేనని మేము కష్టపడి కొత్త కోడ్‌లు రాసుకున్నాం. వరంగల్ అర్బన్‌కు 'డబ్ల్యూయూ', వరంగల్ రూరల్‌కు 'డబ్ల్యూఆర్'. 2019లో ఇంకో రెండు వచ్చి 33 అయ్యాయి, మాకు తగల్లేదు. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. అంటే వరంగల్ అనే మాట ఒక జిల్లా నుంచి లేచి పక్క జిల్లా మీద కూర్చుంది! అప్పటి నుంచి మా ఆఫీసులో ఎవరైనా "వరంగల్ సిస్టమ్" అంటే "ఏ వరంగల్? పాతదా కొత్తదా?" అని అడగాల్సిందే. హనుమకొండను ఇంగ్లిష్‌లో రాయమంటే ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు, అది వేరే తలనొప్పి.

ఆంధ్రలోనూ 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ మేనేజర్ గారిని ఈ లెక్క ఒకసారి చూడమనండి.

కేబుల్‌గురు

అయితే ఏం కొంప మునిగింది? విజయవాడ రైల్వే స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ. బెజవాడ నాటి కోడ్. దాన్ని చూసి ఎవరైనా రైలు తప్పిపోయారా? 2024 మార్చిలో బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత బండ్లు టీఎస్ మీదే తిరుగుతున్నాయి. కోడ్ ఒకసారి పెట్టాక అదొక గుర్తు అంతే. జిల్లా పేరు మారితే కోడ్ మార్చమని నిన్నెవరు అడిగారు?

బెజవాడ_బైట్

మా స్టేషన్ పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా. బీజెడ్ఏ నిలబడింది ఎందుకంటే స్టేషన్ ఎక్కడికీ పోదు. కంప్యూటర్ అలా కాదే. నర్సంపేటలో మానిటర్ పాడైతే అక్కడి సెట్టును ఆటోలో ఎక్కిస్తారు, హనుమకొండలో ఖాళీగా ఉన్నది అటు పంపిస్తారు. ఏడాది తిరిగేసరికి 'నర్సంపేట-బిల్లింగ్-03' ఖమ్మంలో ఎక్స్‌రే రిపోర్టులు టైపు చేస్తూ కనిపిస్తుంది. పేరు లేకపోతే వెతుక్కుంటాం. తప్పు పేరుంటే వెతకం, నమ్ముతాం. ఇదే ప్రమాదం. మీరు చెప్పినట్టు స్వాతి-పీసీకి ఊరి పేరు పెట్టి ఉన్నా, అది ఊరు మారాక పేరు మార్చేవాళ్లు ఎవరు? స్వాతి మానేశాక మార్చారా?

పైగా ఏ బ్రాంచి అనేది తెలియడానికి పేరు దాకా పోనక్కర్లేదు. బ్రాంచికో ఐపీ రేంజ్, అంటే నెట్‌వర్క్ అడ్రసుల వరస, ఇచ్చుంటారు కదా. అలర్ట్‌లో ఐపీ ఉంటుంది. ఖమ్మం రేంజ్‌లో ఉంటే ఖమ్మమే. సిస్టమ్‌ను ఏ ఊళ్లో ప్లగ్ చేస్తే ఆ ఊరి ఐపీ దానంతటదే వస్తుంది, ఎవరూ రాయక్కర్లేదు.

డేటాసెంటర్_దీప

ఇంత చర్చ అవసరమా? సీరియల్ నంబరే పేరుగా పెట్టండి. డెల్ సర్వీస్ ట్యాగ్ ఏడు అక్షరాలే, 15లో హాయిగా సరిపోతుంది. కొత్త సిస్టమ్ బాక్స్ విప్పగానే స్క్రిప్టే పేరు పెట్టేస్తుంది. వారంటీ కాల్ చేసినప్పుడు బల్ల కిందికి దూరి స్టిక్కర్ చదవక్కర్లేదు. క్లౌడ్ వాళ్లు ఎప్పటి నుంచో చెప్పేదే ఇది: సర్వర్లను పెంపుడు కుక్కల్లా కాదు, మందలో పశువుల్లా చూడాలని. పశువుకు పేరెందుకు, నంబరు చాలు.

పాలమూరు_పింగ్

దీప గారూ, ఆ పోలిక కనిపెట్టినవాళ్లు మా ఇంటికి రాలేదనుకుంటా. మా నాన్న దగ్గర నాలుగు గేదెలున్నాయి. ప్రతిదాని చెవికీ 12 అంకెల పసుపు ట్యాగు ఉంది. పశువుల డాక్టర్ టీకా వేసినప్పుడు ఆ నంబరే ఎక్కించుకుంటారు. కానీ సాయంత్రం అది ఇంటికి రాకపోతే మా నాన్న నంబరు పెట్టి అరవడు, "గౌరీ!" అనే పిలుస్తాడు. ట్యాగు డాక్టరుకు, పేరు ఇంటికి. ఒకటుంటే రెండోది వద్దని ఎవరన్నారు?

ఓరుగల్లు_నెట్

దీప మేడమ్, సీరియల్ ఐడియా నాకూ నచ్చింది, నిన్న రాత్రే స్క్రిప్ట్ రాసి అన్నింటి సీరియళ్లూ లాగాను. డెల్ సిస్టమ్‌లకు బాగానే వచ్చింది. మా దగ్గర 38 అసెంబుల్డ్ సిస్టమ్‌లున్నాయి. ఆ 38కీ ఒకటే సీరియల్ వచ్చింది: 'టు బీ ఫిల్డ్ బై ఓఈఎం', అంటే తయారుచేసినవాళ్లు నింపాల్సిన గడి, ఎవరూ నింపలేదు. 😅

డేటాసెంటర్_దీప

హహ, అసెంబుల్డ్ ఉంటాయని అనుకోలేదు. అయితే మీ సొంత ఆస్తి నంబరు వాడండి. సూత్రం అదే, అర్థం లేని, మారని నంబరు.

చిత్రావతి

ఫోన్‌లో అర్థం లేని నంబరు చెప్పించుకోవడం ఎప్పుడైనా చేశారా మీరంతా? "బీనా డీనా?" "బీ సార్." "బీ ఫర్ బాంబేనా?" "కాదు సార్, పీ." నా జీవితంలో సగం ఇందులోనే పోయింది. ఏది పెట్టినా సరే, అక్షరాలు తగ్గించి అంకెలు పెట్టండి. అంకెలు తెలుగులో కూడా చెప్పుకోవచ్చు.

శ్రీకాకుళం_షెల్

సర్వర్ల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. నాలుగే కాబట్టి వాటికి మాత్రం పేర్లే బాగుంటాయి. దీనిమీద 1990లోనే డాన్ లిబెస్ ఒక పత్రం రాశారు, ఇంటర్నెట్ పద్ధతుల మీద వచ్చే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో 1178వది. అందులో ఒక డేటాబేస్ మెషీన్ పేరు 'అప్'. అక్కడి మాటలు "అప్ డౌనా?" అన్నట్టు సాగేవట. మాటల్లో రోజూ దొర్లే పదాన్ని, మన సొంత పేరును మెషీన్‌కు పెట్టొద్దనీ, ఒక వరస ఎంచుకుని అందులోంచి పేర్లు తీసుకోమనీ సలహా.

మేము పూల వరస ఎంచుకున్నాం. ఆడవాళ్ల పేర్లలో సగం పూలేనని అప్పుడు తట్టలేదు. ఒకరోజు గ్రూపులో మెసేజ్ పెట్టాను: "పద్మ పడిపోయింది, ఎంత ప్రయత్నించినా లేవట్లేదు." అకౌంట్స్‌లో ఒక పద్మ మేడమ్ ఉన్నారు. మా హెచ్‌ఆర్ ఆవిడ నీళ్ల సీసాతో రెండో అంతస్తుకు పరిగెత్తారు.

పాత_ఫ్లాపీ

నదుల పేర్లయితే మీ చుట్టూనే ఉన్నాయి: ఆకేరు, మున్నేరు, పాలేరు, వైరా. మనుషులకు ఈ పేర్లుండవు. కానీ ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసుకోండి. వైరాను డబ్ల్యూ-వైతో రాస్తారు, కొత్తగా చేరిన కుర్రాడు వీ-ఏ-ఐ కొట్టి "సర్వర్ లేదు సార్" అంటాడు. మంజీరకు రెండు 'ఈ'లా, ఒక 'ఐ'యా అని మా దగ్గర ఇప్పటికీ తేలలేదు.

బెజవాడ_బైట్

నది పేరు మనం పిలుచుకోవడానికే. అప్లికేషన్ సెట్టింగుల్లో మాత్రం రాయకండి. అక్కడ 'ల్యాబ్‌డీబీ' లాంటి అలియాస్ (మారుపేరు) రాసి, డీఎన్ఎస్‌లో దాన్ని మున్నేరుకు చూపించండి. రేపు డేటాబేస్ ఆకేరు మీదికి మారితే ఒక్క డీఎన్ఎస్ లైన్ మారిస్తే చాలు. 140 సిస్టమ్‌ల దగ్గరికి తిరగక్కర్లేదు.

కేబుల్‌గురు

డేటాబేస్ అని పేరులోనే రాస్తే హ్యాకర్‌కు దారి చూపించినట్టు కదా అని ఇప్పుడొకరు వస్తారు చూడండి. నెట్‌వర్క్ లోపలికి వచ్చినవాడికి పోర్టు స్కాన్ చేస్తే, అంటే ఏ మెషీన్‌లో ఏ సర్వీసు నడుస్తోందో తట్టి చూస్తే, అదెలాగూ తెలుస్తుంది. ఆ గొడవ వదిలేయండి.

ఓరుగల్లు_నెట్

మేనేజర్ గారితో కూర్చున్నాను. జిల్లాల లెక్క, ఆటోలో సిస్టమ్‌ల లెక్క రెండూ చెప్పాను. ఆటో మాట దగ్గర ఆయన కాస్త మెత్తబడ్డారు, ఎందుకంటే పంపించమని ఫోన్ చేసేది ఆయనే. చివరికి: సిస్టమ్‌లకు 'పీసీ', నాలుగంకెల ఆస్తి నంబరు. అదే నంబరు పెద్ద అక్షరాలతో ముందువైపు స్టిక్కర్ మీద. వాడేవాళ్లు, గది, డిపార్ట్‌మెంట్ యాక్టివ్ డైరెక్టరీలో (డొమైన్‌లోని సిస్టమ్‌ల జాబితా) డిస్క్రిప్షన్, లొకేషన్ గడుల్లో. సర్వర్లకు నాలుగు ఏర్ల పేర్లు, వైరా బదులు కిన్నెరసాని అడిగారు, అది ఇంకా పొడుగని ఒప్పించి మూసీ పెట్టించాను. డైరెక్టర్ గారి ల్యాప్‌టాప్‌కు మాత్రం ఆయన పేరే ఉండాలట. అక్కడ నేను నోరు విప్పలేదు.

కేబుల్‌గురు

బాగుంది తమ్ముడూ. ఐపీ చూస్తే ఖమ్మం అని తెలుస్తుంది, ఒప్పుకున్నాను. ఫ్రిజ్ వెనక అని తెలుస్తుందా? ఆ లొకేషన్ గడి ఎవరు నింపుతారో, ఎన్నాళ్లు నింపుతారో ఆరు నెలల తర్వాత వచ్చి చెప్పు.

ఓరుగల్లు_నెట్

అన్నా, ఫ్రిజ్ వెనకది పీసీ-0001. మిగతా 139 నింపడం రేపు మొదలు.