దూలము ‘నెంచక’నా, ‘నెరుగక’నా?

పాతప్రతి: మత్తయి సువార్త ఏడో అధ్యాయంలోని నలుసు, దూలం వాక్యం నా నోట ఎప్పుడూ ‘నీ కంటిలోనున్న దూలము నెరుగక నీ సహోదరుని కంటిలోనున్న నలుసును చూచుట యేల?’ అనే వస్తుంది. వాక్యపఠనంలో పక్కనున్నవారు ‘నెంచక’ అని సవరించారు. బైబిలు పాత తెలుగు అనువాదం కంఠస్థమైనవారు చెప్పండి. ‘ఎరుగక’ అయితే ఆ మనిషికి తన దూలం సంగతే తెలియదు. ‘ఎంచక’ అయితే తెలిసీ లెక్కలోకి తీసుకోలేదు. తీర్పు తీర్చకుండా మనుషులను చేర్చుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న నాకు ఈ తేడా చిన్నది కాదు.

ఆటవెలది: ‘నెంచక’. అందులో సందేహం లేదు. మీ నోటికి ‘ఎరుగక’ రావడానికి కారణం వేమన. ‘తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు’ అన్న పాదం చిన్నప్పుడే నాలుక మీద స్థిరపడి, సువార్త వాక్యంలోకి జారి ఉంటుంది. కంటిలోని నలుసు కూడా ఆయన మరో పద్యంలో ఉన్నదే కదా, చెప్పులోని రాయి, చెవిలోని జోరీగల సరసన.

నుడికారం: ‘తప్పులెన్నువారు’ పద్యాన్ని మా పెద్దలు ‘తప్పులెంచువారు’ అని చదివేవారు. అదే అసలు పాఠమని నా నమ్మకం. అప్పుడు సువార్తలోనూ వేమనలోనూ ఒకటే క్రియ అవుతుంది.

ఆటవెలది: నమ్మకం సరే, ఆధారం కావాలి. ఛందస్సు ఇక్కడ సాయం చేయదు. ‘లెన్ను’, ‘లెంచు’ రెండూ హగణమే (ఒక గురువు, ఒక లఘువు), యతి, అంటే పాదంలో అక్షరాల పొత్తు, ‘త’కారం మీద ఉంది. 1829లో సి.పి. బ్రౌన్ దొర అచ్చువేసిన నాటికే వేమన పద్యాలకు పాఠాంతరాలు బోలెడు. నా మటుకు ‘ఎన్ను’లోనే పదును ఉంది. ఒకటి, రెండు, మూడు అని ఎదుటివాడి తప్పులు లెక్కపెడుతున్న చప్పుడు వినిపిస్తుంది. పద్యం మొదటి పాదంలో దాని పక్కనే ‘తండోపతండంబు’ (గుంపులు గుంపులు) పడటంతో ఆ లెక్కపెట్టేవాళ్లే లెక్కకు అందకుండా పోయారు. అది వేమన చేయి.

తేటగీతి: అసలు ప్రశ్నకు వద్దాం. గ్రీకు మూలంలో నలుసుకు ఒక క్రియ, దూలానికి వేరొకటి. నలుసును ‘చూచుట’కు ఉన్నది బ్లెపో, మామూలు చూపు. ‘ఎంచక’ ఉన్నచోట కటనోయెయో, అంటే మనసు పెట్టి గమనించడం. కాబట్టి పాతప్రతి గారూ, ‘తెలిసీ లెక్కచేయలేదు’ అన్న అర్థం కాస్త ఎక్కువే. ఆ మనిషి తన వైపు నిదానించి చూసుకోలేదు, అంతే.

నుడికారం: అలాగైతే ‘గమనింపక’ అని రాయవచ్చు కదా? రాయలేదు. పౌలు రోమా పత్రిక నాలుగో అధ్యాయం తీయండి: ‘అది అతనికి నీతిగా ఎంచబడెను’, ‘నిర్దోషియని యెంచబడినవాడు ధన్యుడు’. ఫిలిప్పీ 2:3 చూడండి: ‘యొకనినొకడు తనకంటె యోగ్యుడని యెంచుచు’. అంతటా ఎంచడమే.

తేటగీతి: మూలంలో అవన్నీ ఒకటి కావండీ. రోమా పత్రికలో ఉన్నది లెక్కకట్టే క్రియ, ఫిలిప్పీలో ఉన్నది భావించే క్రియ.

నుడికారం: కావచ్చు. తెలుగు విశ్వాసి చెవిన పడేది మాత్రం ఒక్క మాటే. దేవుడు నన్ను నిర్దోషిగా ఎంచాడు, నేను పక్కవాణ్ని యోగ్యుడని ఎంచాలి, ముందు నా దూలాన్ని ఎంచాలి. ఇంత దగ్గరి చుట్టరికం మూలంలో లేకపోయినా తెలుగులో ఉంది. దాన్ని వదులుకోను.

పాతప్రతి: నుడికారం గారి మాట నాకు తగిలింది. మా బంధువుల్లో ఒకరి కోసం ప్రార్థించబోతే ముందు వారి తప్పుల పట్టికే మనసులోకి వచ్చేది. నా పట్టిక ముందు పెట్టుకోవడం అలవాటైన తర్వాతే వారితో మామూలుగా మాట్లాడగలుగుతున్నాను. కానీ యోగ్యుడని అనిపించకపోయినా యోగ్యుడని ఎంచడం నటన కాదా?

తేటగీతి: రోమా 15:7 చూడండి. ‘క్రీస్తు మిమ్మును చేర్చుకొనిన ప్రకారము’ చేర్చుకోమన్నాడు పౌలు. యోగ్యత తూచి చేర్చుకోమనలేదు. మన యోగ్యత తూచి ఉంటే మనమూ బయటే ఉండేవాళ్లం. 14:1లో బలహీనుణ్ని చేర్చుకోమంటూనే వాదాలు పెట్టుకోవద్దన్నాడు. చేర్చుకోవడం మొదట, మిగతావి తర్వాత.

ఆటవెలది: అలాగని కళ్లు మూసుకోమని కాదు. ‘న్యాయమైన తీర్పు తీర్చుడి’ అన్నదీ యేసే, యోహాను 7:24లో. వద్దన్నది వెలిచూపును బట్టి తీర్చే తీర్పు. దూలం తీశాక నలుసు ‘తేటగా కనబడును’ అన్నాడు, అంటే సహోదరుడి కంటికి సాయం మిగిలే ఉంది. వేమన అంతవరకు రాడు. కానీ ‘ఉర్వి జనులకెల్ల నుండు తప్పు’ అన్నాడే, ‘అందరును పాపము చేసి’ అన్న పౌలు మాట పక్కన దాన్ని పెట్టి చదవండి.

నుడికారం: చదివాను, చాలా బాగుంది. అయినా నా ‘తప్పులెంచువారు’ తేలలేదు. ఎవరి దగ్గరైనా వేమన పాత ముద్రణ ఉంటే ఆ పద్యం ఉన్న పుట చూసి చెప్పండి. ‘న్ను’నా, ‘ంచు’నా?