మోంగోడీబీలో వేల రికార్డుల జిల్లా పేరు ఒకేసారి మార్చడం ఎలా?

దాణా లెక్కలు, తిరుపతి
ఆగస్టు 2023

అందరికీ నమస్కారం. తిరుపతిలో పశుదాణా టోకు వ్యాపారం చేసే దుకాణంలో కంప్యూటర్ పని నాది. పాడి రైతుల ఖాతాలన్నీ మోంగోడీబీ 6 అనే డేటాబేస్‌లో ఉన్నాయి, రైతుకు ఒక డాక్యుమెంట్, అంటే ఒక రికార్డు చొప్పున. పేరు, ఫోను, పాడి పశువులు, బాకీ, వాటితో పాటు "చిరునామా" అనే లోపలి డాక్యుమెంట్: ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్. కొందరికి ఇల్లు ఒక ఊళ్లో, కొట్టం ఇంకో ఊళ్లో ఉంటుంది కాబట్టి "డెలివరీ స్థలాలు" అనే జాబితా కూడా ఉంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. మా రికార్డుల్లో మాత్రం శ్రీకాళహస్తి నుంచి కుప్పం దాకా అందరూ ఇంకా చిత్తూరు జిల్లాలోనే కాపురం ఉంటున్నారు. బిల్లుల మీద జిల్లా తప్పు పడుతోందని ఇప్పుడు ఆడిటర్ పట్టుబట్టారు. పాకాల రైతు తిరుపతి జిల్లాలోకి రావాలి, పీలేరు రైతు అన్నమయ్యలోకి వెళ్లాలి, పలమనేరు రైతు చిత్తూరులోనే ఉండాలి. గూడూరు ఖాతాల్లో నెల్లూరు అని ఉంది, అవి తిరుపతికి మారాలి.

ప్రస్తుతం ఒక స్క్రిప్టు ఒక్కో రికార్డును తెచ్చి, మార్చి, తిరిగి దాస్తోంది. సర్వర్ ముంబయిలో ఉంది. స్క్రిప్టు నత్తనడక నడుస్తోంది, మధ్యలో నెట్ పోతే ఎంతవరకు మారిందో తెలియడం లేదు. గుండుగుత్తగా మార్చే దారి ఉందా?

శేషాచలం

అనేక రికార్డులను ఒకేసారి మార్చే అప్‌డేట్‌మెనీ ఆదేశం వాడండి. మొదటి భాగంలో ఏ రికార్డులో చెప్పండి, రెండో భాగంలో ఏం మార్చాలో చెప్పండి. రికార్డులు మీ దగ్గరికి రావు, సర్వర్‌లోనే మారిపోతాయి. పాత "అప్‌డేట్" ఆదేశం జోలికి వెళ్లకండి, మల్టీ అని విడిగా చెప్పకపోతే అది దొరికిన మొదటి రికార్డును మార్చి ఊరుకుంటుంది.

గుజ్జు కాటా, చిత్తూరు

దాణా లెక్కలు గారూ, నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో రైతుల ఖాతాలు చూస్తాను. తోతాపురి సీజన్‌లో కాటా ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు ఇలాంటి పనికి దిగను. మీరూ దుకాణం కట్టేశాకే మొదలుపెట్టండి.

శేషాచలం గారు చెప్పింది సరైనదే, కానీ అది సగం. ముందు డిస్టింక్ట్ అనే ఆదేశం కొట్టి జిల్లా, మండలం గడుల్లో ఎన్ని రకాల రాతలు ఉన్నాయో చూడండి. చిత్తూరు, చిత్తూర్, వెనక ఖాళీ జాగా ఉన్న చిత్తూరు, మూడూ డేటాబేస్‌కు మూడు వేర్వేరు జిల్లాలు. 2022 జనవరి ముసాయిదాలో మీ జిల్లా పేరు శ్రీ బాలాజీ అని వచ్చింది కదా, ఆ రోజుల్లో ఎవరైనా ఉత్సాహవంతులు అదే రాసి ఉంటే అవీ బయటపడతాయి.

రెండోది, పిన్‌కోడ్‌ను నమ్ముకోకండి. అది తపాలా వాళ్ల లెక్క, జిల్లా విభజనతో దానికి పని లేదు. శాసనసభ నియోజకవర్గాన్నీ నమ్మకండి. నగరి నియోజకవర్గంలో నగరి చిత్తూరు జిల్లాలో ఉంది, పుత్తూరు తిరుపతి జిల్లాకు వెళ్లింది. మండలం ఒక్కటే నికరం. ఏ మండలం ఏ జిల్లాలో ఉందో గెజిట్ చూసి చిన్న పట్టిక చేసుకోండి. జిల్లాకు ఒక అప్‌డేట్‌మెనీ చాలు: మండలం ఈ జాబితాలో ఉండి, జిల్లా "తిరుపతి" కానివన్నీ "తిరుపతి" చేయి.

ఆ "కానివన్నీ" అన్న షరతే ఈ పని మొత్తానికి ప్రాణం. ఒక డాక్యుమెంట్ వరకు మార్పు పూర్తిగా జరుగుతుంది లేదా అసలు జరగదు. కానీ అప్‌డేట్‌మెనీ మొత్తానికి ఆ హామీ లేదు, మధ్యలో ఆగితే సగం మారి సగం మిగులుతాయి. మామూలుగా లైను తెగితే, స్క్రిప్టును డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ తనంతట తాను ఒకసారి మళ్లీ ప్రయత్నిస్తుంది కానీ, అనేక రికార్డులను మార్చే ఆదేశానికి ఆ సదుపాయం వర్తించదు. మళ్లీ కొట్టాల్సింది మీరే. షరతు ఉంటే మారినవి పక్కకు తప్పుకుని మిగిలినవే మారతాయి. జిల్లా పేరుకు రెండుసార్లు నడిచినా ప్రమాదం లేదు అనుకోండి. అదే మా దగ్గర కిలోకు ఒక రూపాయి పెంపు వేసేటప్పుడైతే, రెండోసారి నడిస్తే సగం మంది రైతులకు రెండు రూపాయలు పడుతుంది. అందుకే "జులై పెంపు పడింది" అనే గుర్తును అదే ఆదేశంలో పెడతాను, ఆ గుర్తు లేని ఖాతాలనే వెతకమంటాను. పెంపు, గుర్తు రెండూ ఒకే డాక్యుమెంట్‌లో ఉన్నాయి కాబట్టి ఒకటి పడి ఇంకొకటి పడకపోవడం ఉండదు.

చిరునామా లోపలి జిల్లాను మార్చేటప్పుడు చిరునామా, చుక్క, జిల్లా అని పూర్తి దారి రాయండి. గడికి విలువ పెట్టే సెట్‌లో చిరునామాకు నేరుగా "జిల్లా: తిరుపతి" అని ఇస్తే పాత చిరునామా మొత్తం పోయి జిల్లా ఒక్కటే మిగులుతుంది. ఊరు లేదు, మండలం లేదు. బ్యాకప్ తీసుకోకుండా మాత్రం దిగకండి.

పాత జిల్లా పేరు దాచుకోవాలంటే మోంగోడీబీ 4.2 వెర్షన్ నుంచి అప్‌డేట్‌లో అగ్రిగేషన్ పైప్‌లైన్, అంటే ఒకదాని తర్వాత ఒకటి నడిచే దశలు, రాయవచ్చు. చదరపు కుండలీకరణాలు పెట్టి, "పాత జిల్లా" గడికి డాలర్ గుర్తుతో చిరునామా జిల్లాను చూపించి, తర్వాతి దశలో కొత్త పేరు పెట్టండి. మామూలు సెట్‌తో ఒక గడి విలువను ఇంకో గడిలోకి తేలేరు.

దాణా లెక్కలు

గుజ్జు కాటా అన్నా, చాలా కృతజ్ఞతలు. డిస్టింక్ట్ ఫలితం చూస్తే కళ్లు తిరిగాయి. మీరన్న బాలాజీలు ఉన్నారు, ఒకచోట జిల్లా గడిలో ఫోను నంబరు కూడా ఉంది.

చిరునామాలు అయిపోయాయి, రెండోసారి నడిపితే సరిపోలినవి సున్నా అని వచ్చింది. ఇప్పుడు రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి, డెలివరీ స్థలాల జాబితాలో ఒకే రైతుకు పాకాల కొట్టం, పులిచెర్ల కొట్టం రెండూ ఉంటే పాకాలది మాత్రమే మారాలి. రెండు, మా డెలివరీ అబ్బాయిల ఫోన్లలో ఉన్న యాప్ సిగ్నల్ లేని ఊళ్లలో రికార్డును దాచుకుని, తిరిగి రాగానే మొత్తం డాక్యుమెంట్‌ను పైకి పంపుతుంది. నిన్న సాయంత్రం కొందరు రైతులు మళ్లీ చిత్తూరు జిల్లాకు వెళ్లిపోయారు.

శేషాచలం

అసలు జిల్లాను రైతు రికార్డులో ఎందుకు ఉంచాలి? మండలం ఉంచండి, మండలాలకు వేరే కలెక్షన్, అంటే వేరే రికార్డుల గుంపు పెట్టండి, బిల్లు తీసేటప్పుడు రెండు కలెక్షన్లను జోడించే లుకప్‌తో కలపండి. రేపు మళ్లీ సరిహద్దులు మారినా అక్కడ ఒక్క వరుస దిద్దితే చాలు.

గుజ్జు కాటా, చిత్తూరు

శేషాచలం గారి మాట రైతు ఖాతాకు బాగుంటుంది, బిల్లుకు పనికిరాదు. 2021 బిల్లును ఇవాళ మళ్లీ ముద్రిస్తే దాని మీద చిత్తూరు జిల్లా అనే ఉండాలి. బిల్లు తీసిన రోజు చిరునామా బిల్లులోనే నిలిచిపోవాలి. కాబట్టి పాత బిల్లుల కలెక్షన్ మీద ఈ ఆదేశాలు నడపకండి.

జాబితాలో కావాల్సినవి మాత్రమే మార్చడానికి అర్రే ఫిల్టర్స్ ఉంది, 3.6 వెర్షన్ నుంచి. దారిలో డాలర్, చదరపు కుండలీకరణంలో ఒక పేరు పెట్టి, ఆ పేరుకు "మండలం ఈ జాబితాలో ఉన్నది, జిల్లా తిరుపతి కానిది" అని షరతు ఇస్తే పాకాల కొట్టం మారుతుంది, పులిచెర్ల కొట్టం కదలదు. ఆ పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరంతో మొదలవ్వాలి, తెలుగులో పెడితే ఒప్పుకోదు. దీన్ని పైప్‌లైన్‌తో కలపడం కుదరదు, విడి ఆదేశంగానే నడపండి. జిల్లాకొకటి చొప్పున ఆదేశాలన్నీ ఒకేసారి పంపాలంటే బల్క్‌రైట్‌లో పెట్టి, వరుస అక్కర్లేదని చెప్పే ఆర్డర్డ్ ఫాల్స్ అనండి. ఒకటి తప్పినా మిగిలినవి ఆగవు.

ఫోన్ల సంగతే అసలు తలనొప్పి. యాప్ రాసినవారిని పట్టుకుని, మొత్తం డాక్యుమెంట్ బదులు అబ్బాయి మార్చిన గడులనే పంపేలా చేయించండి. వాళ్లు వినేలోపు సర్వర్‌లోనే అడ్డుగోడ కట్టవచ్చు. కలెక్షన్ అమరికను మార్చే కాల్‌మాడ్ ఆదేశంతో ఆ కలెక్షన్‌కు ఒక వాలిడేటర్, అంటే రాతను సరిచూసే నియమం పెట్టండి: మండలం తిరుపతి జాబితాలో ఉండి, జిల్లా వేరేదైతే కుదరదని. మొదట వార్న్‌లో ఉంచితే రాతను ఆపకుండా సర్వర్ లాగ్‌లో నమోదు చేస్తుంది, ఎన్ని తప్పులు వస్తున్నాయో చూడవచ్చు. వెంటనే ఎర్రర్‌లో పెడితే ఆ రాత మొత్తం తిరస్కరణకు గురవుతుంది, దానితో పాటు అబ్బాయి వసూలు చేసిన బాకీ వివరం కూడా లోపలికి రాదు.

దాణా లెక్కలు

వార్న్‌లో పెట్టాను అన్నా. లాగ్‌లో తప్పులన్నీ శ్రీకాళహస్తి వైపు తిరిగే ఒకే ఫోన్ నుంచి వస్తున్నాయి. మిగిలిన అబ్బాయిల యాప్ కొత్త వెర్షన్, ఇతనిది పాతది. రేపు దుకాణానికి రాగానే దాన్ని మార్పించి, ఆ తర్వాత ఆదేశాలు మళ్లీ ఒకసారి నడుపుతాను.