పన్ను రిపోర్టు అర్థం కావట్లేదు, రేపు పది లోపు చెప్పాలి. అర్జెంట్

బ్రాడీపేట అమ్మ – రాత్రి 11:52
సాయంత్రం ఆరింటి నుంచి దీంతోనే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. ఇవాళ గుంటూరులోనే ఒక డెంటల్ క్లినిక్‌కి వెళ్లాం. ఇదివరకు డాక్టరు గారు చిన్న అద్దం పెట్టి చూసి, సన్నటి కొక్కెంతో గీకి, "ఇది పుచ్చిందమ్మా" అని నోటితో చెప్పేవారు. ఇప్పుడు అదేం లేదు. డాక్టరు గారు రాకముందే స్కాన్ తీసేశారు. ఏఐ అట. రెండు నిమిషాల్లో గోడ మీద టీవీలో పళ్లన్నీ వచ్చాయి, వాటి మీద ఎర్ర డబ్బాలు, పసుపు గీతలు. ఆయన వచ్చి ఆ డబ్బాల వైపే చూపించి "75, 84 రెండూ చేయాలి" అన్నారు. నోరు తెరిపించి చూసింది అర నిమిషం కూడా లేదు. కౌంటర్లో అమ్మాయి 11,000 అని ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టింది. రేపు పది లోపు చెబితే డిస్కౌంటట.

75 శాతం పాడైందంటే సరే అనుకుందాం. 84 శాతం పాడైన పన్ను ఇంకా నోట్లో ఎలా నిలబడింది? పైగా నొప్పి ఎడమ వైపు, ఫోటోలో పెద్ద ఎర్ర డబ్బా కుడి వైపు. మిషన్‌కి కుడి ఎడమ కూడా తెలియదా? వాట్సాప్‌లో వచ్చిన ఫోటోని రెండు చాట్‌బాట్లకి చూపించాను. ఒకటి రూట్ కెనాల్ తప్పదంది, రెండోది ఏమీ లేదంది. మా వారు పడుకున్నారు. ఎవరైనా మామూలు మాటల్లో చెప్పండి ప్లీజ్.

కొత్తపేట ఆడిటర్ – రాత్రి 11:58
మేడమ్, ఏ అసెస్‌మెంట్ ఇయర్? నోటీసు ఏ సెక్షన్ కింద వచ్చింది?

కొత్తపేట ఆడిటర్ – రాత్రి 11:59
సారీ అండి, పైన లైన్ ఒక్కటే చదివాను.

మంగళగిరి కోడర్ – రాత్రి 12:07
అక్కా, టెన్షన్ పడకండి. 75 శాతం అంటే పన్ను 75 శాతం పాడైందని కాదు. ఆ డబ్బా గీసిన చోట పుచ్చు ఉందని ప్రోగ్రాంకి ఉన్న నమ్మకం అంత అని. ఇది ఎలా పనిచేస్తుందంటే, ముందు వేల ఎక్స్‌రేలు చూపిస్తారు. వాటిలో పుచ్చు ఎక్కడుందో డాక్టర్లు గుర్తు పెట్టి ఉంటారు. వాటిని చూసి చూసి అది నేర్చుకుంటుంది. తర్వాత మన ఎక్స్‌రే ఇస్తే, అలాంటి నలుపు కనిపించిన చోటల్లా డబ్బా గీస్తుంది. ఎంత నమ్మకం కుదిరితే గీయాలన్నది కంపెనీ వాళ్లు ఒక గీటు పెట్టి తేలుస్తారు. గీటు కిందికి దించితే మొదలవుతున్న చిన్న పుచ్చు కూడా దొరుకుతుంది, దాంతో పాటు లేని పుచ్చులూ దొరుకుతాయి. పైకి జరిపితే అబద్ధాలు తగ్గుతాయి కానీ నిజంగా ఉన్నవీ కొన్ని జారిపోతాయి. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు.

అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2021లో ఓవర్‌జెట్ అనే కంపెనీ వాళ్ల ప్రోగ్రాంకి అనుమతి ఇచ్చింది, అది పంటి చుట్టూ ఎముక ఎంత తగ్గిందో కొలిచేది. 2022లో పెర్ల్ అనే ఇంకో కంపెనీ వాళ్లదానికి ఇచ్చింది. దాని పేరు చూశారా, సెకండ్ ఒపీనియన్. అంటే మొదటి మాట డాక్టరుదే అని వాళ్లే ఒప్పుకున్నారు. మన దగ్గర కూడా 2020 ఏప్రిల్ నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ వైద్య పరికరాల లెక్కలోకే వస్తుంది. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న, ఏ ప్రోగ్రాం, గీటు ఎంత దగ్గర పెట్టారు అని.

కృష్ణలంక బీడీఎస్ – రాత్రి 12:11
శాతాలు కావు. పన్ను నంబర్లు. పేషంట్ వయసెంత?

బ్రాడీపేట అమ్మ – రాత్రి 12:13
తొమ్మిదిన్నర. బాబు. చెప్పాను కదా.

పటమట పిన్ని – రాత్రి 12:14
ఎక్కడ చెప్పావమ్మా? నేను నీకే అనుకుని మా మరదలి రూట్ కెనాల్ కథంతా టైప్ చేస్తున్నా.

మంగళగిరి కోడర్ – రాత్రి 12:16
సరే, నంబర్ అయితే నంబర్. నేను చెప్పిన సూత్రం మాత్రం కరెక్టే.

కృష్ణలంక బీడీఎస్ – రాత్రి 12:24
సూత్రం ఎవరు కాదన్నారు తమ్ముడూ. అమ్మా, నోటిని నాలుగు భాగాలు చేసి రెండంకెల నంబర్ ఇస్తారు. పెద్దవాళ్ల పళ్లు 11 నుంచి 48 దాకా. పాలపళ్లు 51 నుంచి 85 దాకా. మొదటి అంకె ఏ భాగమో, రెండోది నడిమి నుంచి ఎన్నో పన్నో. 75 అంటే ఎడమ కింది వరసలో అయిదోది, పాల దవడపళ్లలో చివరిది. 84 అంటే కుడి కింది వరసలో నాలుగోది. 75, 84 చూడగానే పిల్లల పళ్లని తెలుస్తుంది, అందుకే వయసు అడిగాను.

ఎక్స్‌రే అంటే మనిషి ఎదురుగా నిలబడి చూసినట్టు. ఫోటోలో కుడి వైపు ఉన్నది బాబుకి ఎడమ వైపు. మిషన్ అక్కడ తప్పు చెప్పలేదు.

బ్రాడీపేట అమ్మ – రాత్రి 12:27
అయ్యో. అయితే నొప్పి ఉన్నది 75దే. మరి ఊడిపోయే పాలపళ్లకి 11,000 ఏమిటండీ? పీకేస్తే పోదా? మా అత్తగారు దారం కట్టి లాగేద్దామంటున్నారు.

పటమట పిన్ని – రాత్రి 12:29
అంత చిన్న పిల్లాడికి స్కానింగ్ ఎలా ఒప్పుకున్నావు? రేడియేషన్! ఈ మధ్య ఎక్కడికి వెళ్లినా ముందు స్కాన్, తర్వాతే నమస్కారం.

మంగళగిరి కోడర్ – రాత్రి 12:33
పిన్నీ, స్కాన్‌లో రేడియేషన్ ఉండదు. నోట్లో పెన్ను లాంటి కెమెరా పెట్టి తిప్పుతారు, అది వట్టి వెలుతురే. క్లిప్పులకి, క్యాపులకి కొలతలు దాంతోనే తీస్తున్నారు. మెత్తటి ముద్ద నోట్లో పెట్టి అచ్చు తీసే బాధ తప్పింది.

పటమట పిన్ని – రాత్రి 12:34
ఎక్స్‌రేని కూడా స్కాన్ అనే అంటారు బాబూ, మా వీధి క్లినిక్‌లో బోర్డే ఉంది.

కృష్ణలంక బీడీఎస్ – రాత్రి 12:36
వీళ్లకి తీసింది ఏదో తెలియకుండా ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారు? అమ్మా, మిషన్ నోట్లో పెట్టారా, బాబు తల చుట్టూ తిరిగిందా?

బ్రాడీపేట అమ్మ – రాత్రి 12:38
తల చుట్టూ తిరిగింది. గడ్డం ఆనించి నిలబెట్టారు. ఫోటోలో రెండు దవడలూ ఒకేసారి, నవ్వుతున్నట్టు వచ్చాయి. కింద చిగుళ్లలో ఇంకా కొన్ని పళ్లు దాక్కుని ఉన్నట్టున్నాయి, చూస్తే భయమేసింది.

కృష్ణలంక బీడీఎస్ – రాత్రి 12:51
అది ఓపీజీ, అంటే రెండు దవడలూ ఒకేసారి వచ్చే ఎక్స్‌రే. పిన్ని గారికి జవాబు ముందు: ఓపీజీ డోసు సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్ట్‌లు (రేడియేషన్‌ని కొలిచే లెక్క). మనిషికి మామూలుగా ప్రకృతి నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2,400 అందుతుంది. అంటే రెండు నుంచి నాలుగు రోజుల పాటు ఊరికే బతికినంత. అవసరం ఉంటే భయం లేదు, అవసరం లేకుండా ఒక్కటీ వద్దు.

ఇప్పుడు అసలు విషయం. పళ్ల వరస, కింద నుంచి వచ్చే పళ్లు చూడ్డానికి ఓపీజీ మంచిది. ఆ దాక్కున్నవే రాబోయే పెద్ద పళ్లు, భయపడక్కర్లేదు. కానీ రెండు పళ్ల సందులో పుచ్చు చూడ్డానికి అది అంత నమ్మకమైనది కాదు, పక్కపక్క పళ్లు ఒకదాని మీద ఒకటి పడినట్టు కనిపిస్తాయి. దానికి నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే కావాలి. బైట్‌వింగ్ అంటారు, చాలా చోట్ల ఆర్‌వీజీ అంటే తెలుస్తుంది. ఏఐ ఎంత తెలివైనదైనా దానికి ఇచ్చిన బొమ్మలో ఉన్నదే చూస్తుంది.

పిల్లల దగ్గర ఇంకో తిరకాసు. కింద పెద్ద పన్ను తయారవుతుంటే దాని చుట్టూ సంచి నల్లగా కనిపిస్తుంది. పాలపంటి వేరు కరిగిపోతూ ఉంటుంది. ఇవి మామూలే. కానీ తెలియని కంటికి వేరు కింద చీము పట్టినట్టే ఉంటుంది. డబ్బాలు 75 మీద పైన ఉన్నాయా, వేరు దగ్గరా? 84 మీద?

తెనాలి మాస్టారు – రాత్రి 12:58
నిద్ర పట్టక చదువుతున్నాను. ఒక్క మాట. ఏఐ అని ఎందుకు, 'కృత్రిమ మేధ' అని చక్కటి మాట ఉంది కదా. అలాగే పుచ్చు అన్నది వంకాయకి, పుచ్చిన పప్పుకి. పంటికి 'పిప్పి పన్ను' అంటాం. ఇక పన్ను బహువచనం విషయంలో ఆడిటర్ గారి పొరపాటుకి కారణం ఉంది: కట్టే పన్నుకి బహువచనం పన్నులు, కొరికే పన్నుకి పళ్లు. ఏకవచనంలో రెండూ ఒకటే కావడం వల్ల ఈ చిక్కు.

కొత్తపేట ఆడిటర్ – రాత్రి 1:01
ధన్యవాదాలు మాస్టారూ. రెండూ పీకేవే అనుకోండి.

పటమట పిన్ని – రాత్రి 1:02
మా వైపు 'పుప్పి పన్ను' అంటాం. పిప్పి అంటే చెరుకు నమిలి ఊసేసేది.

తెనాలి మాస్టారు – రాత్రి 1:05
పుప్పి అని కూడా ఉంది, కాదనను. అయితే

తెనాలి మాస్టారు – రాత్రి 1:05
వేలు తగిలి వెళ్లిపోయింది. పొద్దున రాస్తాను.

పొదిలి రైతుబిడ్డ – ఉదయం 5:40
మా వైపు పళ్లకి ఈ ఏఐ పెడితే టీవీ అంతా ఎర్ర డబ్బాలే వస్తాయి. దర్శి, పొదిలి, కనిగిరి నీళ్లు తాగి పెరిగిన వాళ్ల పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉంటాయి. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి మొట్టమొదట డాక్టర్లు రాసింది మా ప్రాంతం గురించే, 1937లో. అప్పటికి మేం నెల్లూరు జిల్లా. నీళ్లలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదంటారు, వేరే దిక్కులేకపోతే ఒకటిన్నర. మా చిన్నప్పుడు ఎవరు కొలిచారు? ఇప్పుడేమో పేస్టులో కూడా అదే ఫ్లోరైడ్ కలిపి అమ్ముతున్నారు. నేను మాత్రం వేపపుల్ల తప్ప వాడను. ఆ అమ్మాయి కూడా బాబుకి వేపపుల్ల అలవాటు చేస్తే ఈ 11,000 మిగిలేవి.

కృష్ణలంక బీడీఎస్ – ఉదయం 7:15
ఆ చారలు పంటి పైన కంటికి కనిపించేవి. ఎక్స్‌రేలో పుచ్చులా రావు. నీళ్లలో ఎక్కువైతే చెడుపు, పేస్టులో కొలత ప్రకారం మంచిది, పిల్లాడు మింగకుండా ఊసేస్తే చాలు. మన దగ్గర పేస్టులో ఫ్లోరైడ్‌కి 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) పరిమితి ఉంది. వేపపుల్ల పళ్ల సందుల్లోకి పోదు.

పొదిలి రైతుబిడ్డ – ఉదయం 7:22
మా తాతకి 84 ఏళ్లకి అన్ని పళ్లూ ఉన్నాయి.

కొత్తపేట ఆడిటర్ – ఉదయం 7:24
84 అంటే వయసా, పన్ను నంబరా?

బెంజిసర్కిల్ నాని – ఉదయం 7:50
ఏఐని అందరూ ఆడిపోసుకుంటున్నారు కాబట్టి నా అనుభవం. మా అమ్మకి చిగుళ్ల జబ్బు. అయిదేళ్లుగా ముగ్గురు డాక్టర్లు చెప్పారు, వినలేదు. "డబ్బుల కోసం అంటారురా" అనేది. మొన్న విజయవాడలో ఒక చోట స్క్రీన్ మీద ఎముక ఎక్కడ ఉండాలో ఒక గీత, ఇప్పుడు ఎక్కడుందో ఇంకో గీత, మధ్యలో ఎన్ని మిల్లీమీటర్లో వేసి చూపించారు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అయితే ఎప్పుడు రమ్మంటారు" అంది. ఇదివరకు ఎక్స్‌రే లైటుకి ఎత్తి పట్టుకుని "ఇదిగో ఈ నలుపు" అంటే మనకి అంతా నలుపే కదా. ఒక్కటే బాధ, ఇప్పుడు డాక్టరు మన మొహం చూడటం తగ్గించి టీవీ చూస్తున్నాడు. ఎస్టిమేట్ కూడా ఆ టీవీలోంచే వస్తుందేమో అనిపిస్తుంది.

బ్రాడీపేట అమ్మ – ఉదయం 8:05
ఇప్పుడే చూశాను. 75 మీద డబ్బా పైన, పక్క పన్ను ఆనుకునే చోట. 84కి వేరు దగ్గర. వేపపుల్లలూ తాతలూ తర్వాత అండి, పది అవుతోంది, చేయించాలా వద్దా?

కృష్ణలంక బీడీఎస్ – ఉదయం 8:20
చూడకుండా చెప్పను. ఇవి మాత్రం అడగండి, గమనించండి.
బాబు రాత్రి నొప్పితో నిద్ర లేచాడా? లేస్తే అది నరం దాకా పోయి ఉండొచ్చు. తిన్నప్పుడు, ఇరుక్కున్నప్పుడు మాత్రమే అంటే వేరే సంగతి. చిగురు మీద పొక్కు ఉందా? 84 వేలితో కదిపితే కదులుతోందా? ఆ పన్ను తొమ్మిది, పదకొండేళ్ల మధ్య ఎలాగూ ఊడుతుంది. 75కి ఇంకా టైముంది, పది, పన్నెండు దాకా ఉంటుంది. అందుకే దాన్ని దారం కట్టి లాగకండి, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. అది ముందే పోతే వెనక ఆరో ఏట వచ్చిన పెద్ద దవడపన్ను ముందుకి జరిగి, రావాల్సిన పన్నుకి చోటుండదు. తర్వాత క్లిప్పులు.
చిన్న ఎక్స్‌రే తీసి, కొక్కెంతో చూసి అప్పుడు చెప్పమనండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడడు. పది గంటల డిస్కౌంట్‌కి పన్ను పరిగెత్తదు. నమ్మకం లేకపోతే గవర్నమెంట్ డెంటల్ కాలేజీ విజయవాడలో ఉంది. ఫోటో వాట్సాప్‌లో కాకుండా అసలు ఫైలు అడిగి తీసుకెళ్లండి. వాట్సాప్‌లో నలిగిపోయిన ఫోటోకి చాట్‌బాట్లు రెండు రకాలుగా చెప్పడంలో వింత లేదు.

బ్రాడీపేట అమ్మ – ఉదయం 8:26
నిద్ర లేవలేదు. చికెన్ తిన్నప్పుడే అరుస్తాడు.

మంగళగిరి కోడర్ – ఉదయం 8:31
ఇంకోటి గమనించండి అక్కా, ఇలాంటి ప్రోగ్రాంలు ఎక్కువగా పెద్దవాళ్ల పళ్ల మీద నేర్చుకున్నవైతే, పాలపళ్లు కలిసి ఉన్న నోట్లో తడబడే అవకాశం ఉంది. పిల్లలకి కూడా పనికొస్తుందా అని అడగండి. గీటు సంగతి కూడా.

కృష్ణలంక బీడీఎస్ – ఉదయం 8:33
మొదటిది అడగండి. గీటు వద్దు.

తెనాలి మాస్టారు – ఉదయం 9:10
రాత్రి మాట మధ్యలో ఆగింది. 'పుప్పి' అన్నది పుప్పొడిలోని 'పువ్వు' కాదు, అని చెప్పబోయాను. ఎవరైనా నిఘంటువు చూసి చెప్పగలరా?

పటమట పిన్ని – ఉదయం 9:14
మాస్టారూ, మా అమ్మ నోటి మాటే నాకు నిఘంటువు.

బ్రాడీపేట అమ్మ – రెండు రోజుల తర్వాత, సాయంత్రం 5:20
అదే డాక్టరు గారి దగ్గరికే వెళ్లాం. చిన్న ఎక్స్‌రే తీశారు. 75కి ఫిల్లింగ్ చాలన్నారు, చేసేశారు. 84 ఊగుతోంది, వదిలేయమన్నారు. పిల్లలకి పనికొస్తుందా అని అడిగితే ఆయన నవ్వి, అందుకే నేనున్నానమ్మా అన్నారు. మొన్న ఆ మాట ఎందుకు అనలేదో. థాంక్స్ అందరికీ, వాడికి ట్యూషన్ టైమయింది.

కొత్త మెంబర్, అరండల్‌పేట – రాత్రి 10:48
నాకు కూడా నిన్న ఏఐ స్కాన్‌లో పసుపు గీత వచ్చింది. ప్రమాదమా? అర్జెంట్‌గా చెప్పగలరు.